గ్రూపులో అడిగిన ప్రశ్న, గ్రూపు ఇచ్చిన జవాబు: దేన్ని, ఎంతవరకు నమ్మవచ్చు?

విజయవాడలో ఏ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు తెరిచినా, గుంటూరులో ఏ కాలనీ గ్రూపు తెరిచినా, శుభోదయం బొమ్మలకూ గృహప్రవేశం పిలుపులకూ మధ్య ప్రశ్నలు కనిపిస్తూనే ఉంటాయి. "కరెంటు పోయింది, మా ఒక్కరికేనా, అందరికీనా?" "పిల్లల డాక్టరు ఎవరు బాగా చూస్తారండీ?" "పాపకు ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలి, ఏయే కాగితాలు పట్టుకెళ్లాలి?" ఊరు దాటి పల్లెల వైపు వెళితే ప్రశ్న మారుతుంది: "మిరప ఆకు ముడుచుకుంటోంది, ఏం కొట్టాలన్నా?"

ఈ నాలుగూ ఒకే తీరులో, ఒకే మర్యాదతో అడిగిన ప్రశ్నలే. అయినా వీటికి వచ్చే జవాబుల విలువ ఒకటి కాదు. మొదటిదానికి గ్రూపును మించిన దిక్కు లేదు. చివరిదానికి గ్రూపు ఇచ్చే జవాబు పంటను నిలబెట్టనూ వచ్చు, పెట్టుబడిని ముంచనూ వచ్చు. "వాట్సాప్‌లో వచ్చేదంతా అబద్ధం" అని ఒకరూ, "గూగుల్ కంటే మా గ్రూపే నయం" అని ఇంకొకరూ వాదించుకోవడం తరచూ వింటుంటాం. ఇద్దరూ తమ అనుభవం మేరకు నిజమే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరి మనసులో ఉన్న ప్రశ్నలు వేరు. ఆ తేడా ఎక్కడ వస్తుందో విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

మాటలు తేటపరచుకుందాం

సెర్చ్ ఇంజన్ అంటే ఇదివరకే ఎవరో రాసి పెట్టినదాన్ని వెతికి చూపించే సాధనం. రాసి పెట్టనిదాన్ని అది చూపించలేదు. సామాజిక మాధ్యమంలో అడగడం అంటే ఇంకా ఎవరూ రాయనిదాన్ని, తెలిసిన మనిషి చేత అప్పటికప్పుడు రాయించడం. కరెంటు పోయిన పది నిమిషాలకు ఆ సంగతి ఏ పేజీలోనూ ఉండదు, పక్క వీధివారికి మాత్రం తెలిసి ఉంటుంది.

అడిగే చోట్లు కూడా రెండు రకాలు. వాట్సాప్ గ్రూపు వంటివి మూసిన గదులు; లోపలివారికే కనబడతాయి, వాటిలోని సంభాషణ సెర్చ్‌లో దొరకదు. ఒక గ్రూపులో గరిష్ఠంగా 1,024 మంది ఉండవచ్చు. క్వోరా, రెడిట్, ఎక్స్, ఫేస్‌బుక్‌లోని బహిరంగ పేజీలు తెరిచిన చోట్లు. ఈ రోజు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు మూడేళ్ల తర్వాత ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా కనబడవచ్చు. ఫార్వర్డ్ అంటే ఒక చోట ఒకరు చెప్పిన మాటను, చెప్పిన మనిషిని అక్కడే వదిలేసి, ఇంకో చోటికి మోసుకుపోవడం. ఈ వ్యాసంలో చాలా భాగం ఈ చివరి మాట చుట్టూనే తిరుగుతుంది.

గూగుల్ ఉండగా మనుషులను ఎందుకు అడుగుతారు?

ఈ ప్రశ్నను మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మెరెడిత్ రింగెల్ మోరిస్, జైమీ టీవన్, మరొక సహచరురాలితో కలిసి 2010లోనే పరిశీలించారు. 624 మందిని సర్వే చేసి, వారు తమ స్నేహితుల వలయంలో పెట్టిన ప్రశ్నలను వర్గీకరించగా, సిఫారసు కోరేవి 29 శాతం, అభిప్రాయం అడిగేవి 22 శాతం, ఒక వాస్తవం తెలుసుకోవడానికి అడిగేవి 17 శాతం అని తేలింది. సెర్చ్ ఇంజన్‌ను కాదని స్నేహితులను అడగడానికి వారు చెప్పిన కారణాల్లో నమ్మకం ముందు వరుసలో ఉంది. ఆ సర్వేకు బదులిచ్చినవారు ఒకే పెద్ద కంపెనీ ఉద్యోగులు, కంప్యూటర్లతో చనువున్నవారు; ఆ అంకెలను బెజవాడకు యథాతథంగా అతికించలేం. అయితే జనం ప్రధానంగా అడిగేది వాస్తవాల గురించి కాదు, మంచిచెడ్డల గురించి అన్న మూల విషయం మాత్రం ఇక్కడా కనిపించేదే.

మన దగ్గర దీనికి ఇంకొక కారణం తోడవుతుంది. విజయవాడ పటమటలో ఏ ప్లంబరు చెప్పిన వేళకు వస్తాడన్నది తెలుగులో కాదు కదా, ఇంగ్లీషులో కూడా ఎవరూ రాసి పెట్టలేదు. సెర్చ్‌లో వచ్చే జాబితాల్లో ప్రకటనలూ కలిసి ఉంటాయి. టైపు చేయడం కష్టమైనవారు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టి అడగగలరు, అలాగే జవాబు వినగలరు. చదువు తక్కువైనవారికి ఇది చిన్న సదుపాయం కాదు.

"ఇప్పుడు ఏం జరుగుతోంది?" అన్న ప్రశ్న

గ్రూపు అన్నిటికంటే బాగా పనిచేసేది ఇక్కడే. కరెంటు ఉదాహరణనే తీసుకుందాం. విజయవాడ భవానీపురంలో ఒకరు "మా ఇంట్లో కరెంటు లేదు" అని పెట్టారనుకుందాం. పక్కింటివారు "మాకుందండీ" అంటే తప్పు ఆ ఇంటి ఫ్యూజులోనో, స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరులోనో ఉండవచ్చు. వీధి మొత్తం లేదంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుమానించాలి. నాలుగు వీధులవారు లేదంటే, ఆ ట్రాన్స్‌ఫార్మర్లన్నిటికీ కరెంటు తెచ్చే ఫీడరు లైనే పోయి ఉంటుంది. ఏ ఒక్కరికీ విద్యుత్ శాఖ పరిజ్ఞానం లేకపోయినా, ఎవరికి కనబడింది వారు చెప్పడంతో తప్పు ఎక్కడుందో దాదాపుగా తేలిపోతుంది. మరి ఎప్పుడొస్తుంది? దానికి మాత్రం గ్రూపులో వచ్చేవన్నీ ఊహలే. లైన్‌మన్‌కో, విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ 1912 నంబరుకో ఫోన్ చేసినవారు చెబితేనే అది సమాచారం.

గుంటూరులో శంకర్ విలాస్ వంతెన పనులు మొదలైనప్పుడు పట్టాల అవతలికి ఏ దారిన వెళ్లాలన్న ప్రశ్న కూడా ఇలాంటిదే. అప్పుడే ఆ దారిన వచ్చినవారి మాట ఏ మ్యాపు కన్నా తాజాగా ఉంటుంది.

ఈ రకం జవాబులకు ఉన్న బలం వాటి తాజాతనం, బలహీనతా అదే. గంట దాటితే ఆ జవాబుకు విలువ ఉండదు, కానీ సందేశం ఫోనులో అలాగే ఉండిపోతుంది.

"ఎవరు మంచివారు?" అన్న ప్రశ్న

సిఫారసు అడిగినప్పుడు వచ్చే జవాబు నిజాయితీగా ఉన్నంత మాత్రాన సరైనదని చెప్పలేం. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులకు కొదవ లేదు. పిల్లల డాక్టరు గురించి అడిగితే అరగంటలో అరడజను పేర్లు వస్తాయి, ప్రతి పేరు పక్కనా "హస్తవాసి మంచిది" అన్న మాట ఉంటుంది. ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. పిల్లలకు వచ్చే మామూలు వైరల్ జ్వరాల్లో అత్యధికం కొద్ది రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. అలాంటి జ్వరంతో నూరుమంది పిల్లలు వేర్వేరు డాక్టర్ల దగ్గరకు వెళితే, ఎవరి దగ్గరకు వెళ్లినా దాదాపు అందరూ కొద్ది రోజుల్లో తేరుకుంటారు. ప్రతి తల్లీ తాను వెళ్లిన డాక్టరు హస్తవాసి మంచిదనే చెబుతుంది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ జవాబులన్నీ కలిపినా ఏ డాక్టరు కష్టమైన జబ్బును ముందుగా పసిగట్టగలడో మనకు తెలియదు.

అలాగని ఆ జవాబులు పనికిరానివని అనడం తొందరపాటు. ఎంతసేపు కూర్చోబెడతారు, ఆదివారం ఉంటారా, అడిగినదానికి ఓపికగా చెబుతారా, వెళ్లగానే పరీక్షలన్నీ రాసేస్తారా, రాత్రిపూట ఫోన్ ఎత్తుతారా వంటివి రోగి బంధువుల కంటే బాగా ఎవరూ చెప్పలేరు. చూసినదాన్ని చెప్పినంతవరకు వారి మాట సాక్ష్యం. వైద్య నైపుణ్యాన్ని అంచనా వేయబోయినప్పుడు అది అభిప్రాయం అవుతుంది. సందేశంలో ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసి వస్తాయి కాబట్టి విడదీసుకోవలసిన పని చదివేవారిదే.

"నియమం ఏమిటి?" అన్న ప్రశ్న

సర్టిఫికెట్లు, రిజిస్ట్రేషన్లు, పెన్షన్లు, బిల్లుల గురించి అడిగే ప్రశ్నలకు ఎక్కడో ఒకచోట రాతపూర్వకమైన జవాబు తప్పకుండా ఉంటుంది. అయినా జనం గ్రూపులోనే అడుగుతారు. దీన్ని బద్ధకం అనుకునేవారున్నారు గానీ, నా ఉద్దేశంలో అది పూర్తిగా న్యాయం కాదు. నియమం ఒకటి, కౌంటరు దగ్గర జరిగే పని ఒకటి. దరఖాస్తుకు ఏ కాగితాలు జతచేయాలో నియమం చెబుతుంది. జిరాక్సుతో పాటు అసలు కూడా చేతిలో ఉంచుకోమని, మధ్యాహ్నం సర్వర్ నెమ్మదిస్తే పొద్దున్నే వెళ్లమని నిన్న వార్డు సచివాలయానికి వెళ్లొచ్చిన పక్కింటావిడ చెబుతుంది. రెండూ కావలసినవే.

చిక్కు ఎక్కడంటే, నియమాలు మారతాయి, పాత జవాబులు మారవు. ఇందుకు మన ప్రాంతం నుంచే స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతవరకు విజయవాడ కృష్ణా జిల్లాలో ఉండేది, కలెక్టరేటు మచిలీపట్నంలో ఉండేది. ఆ రోజు నుంచి విజయవాడ కేంద్రంగానే ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. 2021లో నరసరావుపేటవాసికి ఎవరో ఇచ్చిన "గుంటూరు కలెక్టరేటుకు వెళ్లండి" అన్న జవాబు ఆనాటికి అక్షరాలా సరైనది. తెరిచిన చోట పడి ఉన్న ఆ జవాబును ఇప్పుడు సెర్చ్‌లో చదివి ఎవరైనా బస్సెక్కితే ఒక రోజు వృథా. చెప్పినవారిని తప్పుపట్టలేం. జవాబు కింద తేదీ ఉంటుంది గానీ, దాన్ని చూసే అలవాటు తక్కువ.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్ సేవ ఈ చిత్రాన్ని కొంత మార్చింది. అదే యాప్‌లో, పక్కపక్కనే, ఒక వైపు ప్రభుత్వం చెప్పే జవాబూ మరో వైపు కాలనీవారు చెప్పే జవాబూ ఉన్నాయి. రెండూ ఒకే రకం తెరమీద, ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి కాబట్టి రెండింటికీ ఒకే బరువు ఇచ్చేస్తున్నవారు ఉన్నారు. నియమం ఏమిటన్నంతవరకు మొదటిదే ప్రమాణం. ఆ నియమం మన వార్డులో ఎలా నడుస్తోందన్నది రెండోదాని పరిధి.

"ఇది ఏమిటి, ఏం చేయాలి?" అన్న ప్రశ్న

నాలుగో రకం అన్నిటికంటే కష్టమైనది. జబ్బు, యంత్రం మరమ్మతు, పంట తెగులు వంటివన్నీ దీని కిందికి వస్తాయి. గుంటూరు చుట్టుపక్కల మిరప రైతుల గ్రూపుల్లో వచ్చే "ఆకు ముడత" ప్రశ్న దీనికి మంచి నమూనా.

మిరపలో ఆకు ముడుచుకోవడానికి కనీసం మూడు వేర్వేరు కారణాలున్నాయి. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనెలా అవుతాయి. రైతులు దీన్ని పై ముడత అంటారు. తెల్లనల్లి ఆశిస్తే అంచులు కిందికి వంగి, తిరగేసిన దోనెలా అవుతాయి, ఆకు కాడ సాగుతుంది. ఇది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ సోకితే ఆకులు చిన్నవై, పసుపు రంగుకు తిరిగి, మొక్క గిడసబారుతుంది. తామర పురుగు కీటకం. నల్లి కీటకం కాదు, సాలెపురుగుల జాతికి దగ్గరిది. తామర పురుగును చంపే మందుల్లో చాలావాటికి నల్లి లొంగదు. వైరస్ సోకిన మొక్కకైతే మందే లేదు. దోమను అదుపు చేసి మిగిలిన మొక్కలను కాపాడుకోవడమే మార్గం.

ఇప్పుడు ఒక రైతు పైనుంచి తీసిన ఫోటో పెట్టి "ఆకు ముడుస్తోంది, ఏం కొట్టాలి?" అని అడిగాడనుకుందాం. పది నిమిషాల్లో ఐదు మందుల పేర్లు వస్తాయి. ఒకరికి క్రితం ఏడాది పై ముడత వచ్చింది, ఆయన మందు చెప్పాడు. ఇంకొకరిది కింది ముడత, ఆయనా తన మందు చెప్పాడు. ఎవరికి పనిచేసింది వారు నిజమే చెప్పారు. కానీ ఈ పొలంలో ఏ ముడత ఉందన్నది ఎవరూ అడగలేదు. గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారంలో అదే ప్రశ్న అడిగితే శాస్త్రవేత్త జవాబు చెప్పే ముందు ఎదురు ప్రశ్నలు వేస్తారు: ముడత పైకా, కిందికా? ఆకు అడుగున ఏముంది? నాటి ఎన్ని రోజులైంది? ఇదివరకే ఏం కొట్టారు? నిపుణుడికీ గ్రూపుకూ ఉన్న అసలు తేడా ఈ ఎదురు ప్రశ్నల్లోనే ఉందని నాకనిపిస్తుంది. గ్రూపులో జవాబులు చెప్పడానికి ఉత్సాహం ఉంటుంది, తిరిగి అడగడానికి ఓపిక తక్కువ.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పైన చెప్పిన మైక్రోసాఫ్ట్ పరిశోధకులే 2011లో 282 మంది చేత ఒకే ప్రశ్నను రకరకాల మాటల్లో పెట్టించి చూశారు. క్లుప్తంగా, ప్రశ్నార్థకంతో, ఎవరిని ఉద్దేశించిందో స్పష్టంగా రాసిన ప్రశ్నలకు స్పందన మెరుగ్గా వచ్చింది. అదనపు వివరం చేర్చితే స్పందన తగ్గింది. ఒక సినిమా చూడాలా వద్దా అన్న ప్రశ్నకు క్లుప్తత చాలు. తెగులు గురించిన ప్రశ్నకు కావలసింది సరిగ్గా ఆ అదనపు వివరమే. ఎక్కువ జవాబులు తెచ్చే ప్రశ్న రూపమూ, సరైన జవాబు తెచ్చే ప్రశ్న రూపమూ ఒకటి కాకపోవడం ఈ నాలుగో రకానికి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది.

అయితే గ్రూపు పక్షాన కూడా చెప్పవలసింది ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను దెబ్బతీసినప్పుడు అలవాటైన మందులు పనిచేయలేదు. అలాంటి కొత్త ఉపద్రవం వచ్చినప్పుడు "మా పూలల్లోనూ ఇదే పురుగు" అని పది ఊళ్ల నుంచి ఒకేసారి వచ్చే మాట తనంతట తానే ఒక ముందస్తు హెచ్చరిక. మందు ఏమిటో గ్రూపు చెప్పలేకపోవచ్చు, ఏదో కొత్తది వచ్చిందని మాత్రం అందరికంటే ముందు చెప్పగలదు.

దగ్గరివారికంటే దూరపు పరిచయాలకే ఎక్కువ తెలుసా?

కొత్త సమాచారం మనకు ప్రాణస్నేహితుల నుంచి కాక, అప్పుడప్పుడు పలకరించుకునే పరిచయస్థుల నుంచి ఎక్కువగా వస్తుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో వాదించాడు. పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని ఆయన పరిశీలిస్తే, తరచూ కలిసే మనిషి ద్వారా దొరికినవి 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవారి ద్వారా 55.6 శాతం, అరుదుగా కలిసేవారి ద్వారా 27.8 శాతం. కారణం సులువుగానే అర్థమవుతుంది. మన దగ్గరివారికి తెలిసింది దాదాపుగా మనకూ తెలిసే ఉంటుంది. దూరపువారు వేరే లోకంలో తిరుగుతుంటారు.

వెయ్యి మంది ఉన్న కాలనీ గ్రూపు నిండా ఇలాంటి దూరపు పరిచయాలే. ఆటోనగర్‌లో పాత స్కూటరుకు విడిభాగం ఏ షాపులో దొరుకుతుందో మన అన్నదమ్ములకు తెలియకపోవచ్చు, సి బ్లాకులో ఎప్పుడూ మాట్లాడని మెకానిక్ గారికి తెలుస్తుంది. కానీ నమ్మకం విషయం దీనికి ఎదురు తిరుగుతుంది. అన్న చెప్పిన మాటను ఎంతవరకు తీసుకోవాలో మనకు ఏళ్ల అనుభవం మీద తెలుసు. సి బ్లాకు ఆయన ఎలాంటి మనిషో తెలియదు. సమాచారం ఉన్నచోట పరిచయం తక్కువ, పరిచయం ఉన్నచోట సమాచారం తక్కువ.

పదిమంది ఒకే మాట చెబితే అవి పది సాక్ష్యాలా?

గుంపు వివేకం గురించి చెప్పేవారు బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఉదంతాన్ని గుర్తుచేస్తారు. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దు మాంసం బరువు ఎంత తూగుతుందో చీటీల మీద రాయమన్నారు. పనికొచ్చిన 787 చీటీలను ఆయన వరుసలో పేర్చి చూస్తే సరిగ్గా మధ్యలో ఉన్న అంచనా 1,207 పౌన్లు. అసలు బరువు 1,198 పౌన్లు. గుంపు తప్పింది ఒక శాతం కూడా కాదు.

ఈ కథ చెప్పేటప్పుడు తరచూ వదిలేసే భాగం ఒకటుంది: ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. ఎవరి తప్పు వారిదే కావడం వల్ల పైకి జరిగిన తప్పులూ కిందికి జరిగిన తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. వాట్సాప్ గ్రూపులో మొదటి జవాబు అందరికీ కనబడుతుంది. రెండో మనిషి తన జవాబు రాయకుండా దానికే బొటనవేలు గుర్తు పెడతాడు. మూడో ఆయన "అవునండీ, నేనూ విన్నాను" అంటాడు. 2013లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగంలో పరిశోధకులు ఒక వార్తా సైటులోని వ్యాఖ్యలకు యాదృచ్ఛికంగా ఒకే ఒక్క అనుకూల ఓటు ముందుగా వేసి వదిలేశారు. అలాంటి వ్యాఖ్యల తుది స్కోరు మిగతావాటికంటే సగటున 25 శాతం పెరిగింది. ఒక్క ఓటుతోనే అంత. కాబట్టి గ్రూపులో ఒకే మాట పదిసార్లు కనబడినప్పుడు, పదిమంది విడివిడిగా చూసి చెప్పారా, ఒకరు చెప్పింది తొమ్మిదిమంది ఒప్పుకున్నారా అన్నది తేల్చుకోకుండా ఆ అంకెకు అర్థం లేదు.

ఫార్వర్డ్ చేసినప్పుడు ఏది పోతుంది?

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు మునిగాయి. సెప్టెంబరు 2న కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బుడమేరు డైవర్షన్ ఛానెల్ కట్టకు పడిన మూడు గండ్లను సైన్యం సాయంతో పూడ్చడానికి సెప్టెంబరు 7 దాకా పట్టింది. అలాంటి రోజుల్లో జనానికి కావలసింది నది మొత్తం ప్రవాహం కాదు, తమ వీధి సంగతి. ఏ సందులో నీరు ఎంత లోతుంది, పడవ ఎక్కడిదాకా వస్తోంది, పాల ప్యాకెట్లు ఎక్కడ పంచుతున్నారు అన్నవి అధికారిక ప్రకటనల్లో అంత వివరంగా రావు.

ఆ పరిస్థితిలో రెండు సందేశాలను ఊహించుకుందాం. మొదటిది: "నేను ఇప్పుడు మా మేడ మీద ఉన్నాను, నీళ్లు మొదటి మెట్టు దిగాయి." రెండోది: "కట్ట మళ్లీ తెగిందట, అందరూ జాగ్రత్త." మొదటిదానిలో చెప్పిన మనిషి ఉన్నాడు, చోటు ఉంది, వేళ ఉంది, కళ్లతో చూశానన్న సంగతి ఉంది. రెండోదానిలో 'అట' తప్ప ఏమీ లేదు. ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు అని అడగడానికి మనిషే లేడు. మొదటి సందేశాన్ని కూడా కాపీ చేసి మర్నాడు ఇంకో గ్రూపులో పెడితే అదీ రెండోదానిలాగే అయిపోతుంది. 'నేను', 'ఇప్పుడు' అన్న మాటలకు అక్కడ అర్థం ఉండదు.

గ్రూపు జవాబుకు విలువ ఇచ్చేది ఆ మనిషి, "మీకెలా తెలుసండీ?" అని తిరిగి అడిగే వీలు. ఫార్వర్డ్ ఆ వీలును తీసేస్తుంది. వదంతుల వల్ల మూకదాడులు జరిగాక వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకే పంపేలా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన సందేశాలను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా బిగించింది. ఆ తరువాత అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ఆ సంస్థ ప్రకటించింది. దీన్ని మెచ్చుకున్నవారున్నట్టే, వరద వంటి వేళల్లో నిజమైన హెచ్చరిక కూడా ఇదే కట్టడిలో నెమ్మదిస్తుందని అభ్యంతరం చెప్పేవారూ ఉన్నారు. సందేశంలో ఏముందో యాప్‌కు తెలియదు కాబట్టి మంచిదాన్నీ చెడ్డదాన్నీ అది ఒకే రీతిన ఆపుతుంది; ఈ అభ్యంతరానికి ఇప్పటికైతే పూర్తి సమాధానం లేదు.

జవాబు చెప్పేవారి వైపు నుంచి

ఇంటర్నెట్ వేదికల్లో నూటికి తొంభైమంది చూసి ఊరుకుంటారని, తొమ్మిదిమంది అప్పుడప్పుడు పాల్గొంటారని, మిగిలిన ఒక్కరే ఎక్కువ భాగం రాస్తారని వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో ఒక స్థూల సూత్రం చెప్పాడు. ప్రతి కాలనీలోనూ ఆ ఒక్కరు ఎవరో అందరికీ తెలుసు: సాధారణంగా ఒక రిటైర్డు ఉద్యోగి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ప్రశ్న జూన్‌లో బడులు తెరిచే వేళ వారానికోసారి వస్తుంది, ఆయన ప్రతిసారీ అదే జవాబు ఓపికగా రాస్తారు, అది రెండు రోజుల్లో శుభోదయాల కింద పూడుకుపోతుంది. ఆయన విసిగి ఊరుకున్న రోజు గ్రూపులో ప్రశ్నలకు కొదవ ఉండదు, జవాబులే ఉండవు.

సభ్యులు పెట్టిన తప్పుడు మాటకు అడ్మిన్ జైలుకు పోవాలా అన్న భయం కూడా కొందరిని వెనక్కు లాగుతుంది. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్‌ను, అడ్మిన్ అయినంత మాత్రాన, నేరస్థుడిగా చూడలేమని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ఉద్దేశపూర్వకంగా చేతులు కలిపితే సంగతి వేరు.

ప్రశ్నతో పాటు బయటపడేవి

ప్రశ్న అడగడం కూడా సమాచారం ఇవ్వడమే. "దసరాకు పది రోజులు ఊళ్లో ఉండము, కుక్కను ఎవరైనా చూసుకుంటారా?" అన్న ప్రశ్న ఇల్లు ఖాళీ అన్న సంగతిని వెయ్యి ఫోన్లకు చేరుస్తుంది. మందుల చీటీ ఫోటోలో పేరు, వయసు, జబ్బు మూడూ ఉంటాయి.

తెరిచిన చోట ఇంకో ప్రమాదం ఉంది. బ్యాంకు మీదో గ్యాసు కంపెనీ మీదో ఎక్స్‌లో ఫిర్యాదు పెట్టగానే, ఆ సంస్థ లోగోను తగిలించుకున్న నకిలీ ఖాతా ఒకటి "మీ నంబరు పంపండి సార్, పరిష్కరిస్తాం" అంటూ దిగుతుంది. అడిగినవారు జవాబు కోసం ఎదురుచూస్తున్న క్షణం కాబట్టి అనుమానం రాదు. ఆ దారిన డబ్బు పోతే వెంటనే చెప్పుకోవడానికి జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 ఉంది.

యంత్రం రాసిన జవాబు గ్రూపులోకి వచ్చినప్పుడు

2024 నుంచి వాట్సాప్‌లోనే కృత్రిమ మేధ సహాయకుడు అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు గ్రూపులో ఒకరు ప్రశ్న అడిగితే, ఇంకొకరు దాన్ని యంత్రానికిచ్చి, వచ్చిన జవాబును తన పేరు మీద అతికిస్తున్నారు. జవాబు పొందికగా, తప్పులు లేని భాషలో ఉంటుంది. నిజానికి మన గ్రూపుల్లో అంత పొందికైన తెలుగు కనబడితే అనుమానించవలసిన రోజులు వచ్చాయి. ఇందులో లాభం లేకపోలేదు: నియమాలకు సంబంధించిన ప్రశ్నకు అది వివరాన్ని క్రమంగా పేర్చి ఇవ్వగలదు, మిరప ప్రశ్నకు "ముడత పైకా, కిందికా?" అని తిరిగి అడగనూ గలదు. కానీ భవానీపురంలో ఇప్పుడు కరెంటు ఉందో లేదో దానికి తెలియదు, ఏ డాక్టరు దగ్గరా అది వరుసలో కూర్చోలేదు. తెలియనిచోట కూడా తెలిసినట్టే రాసే గుణం ఉంది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీ రాసిన జవాబులను నిషేధించింది. చూడటానికి సరిగ్గా ఉండి, పరిశీలిస్తే తప్పుగా తేలే జవాబులు వరదలా రావడమే అందుకు ఆ వేదిక చెప్పిన కారణం. మన గ్రూపుల్లో దానికి తోడయ్యే చిక్కు, అతికించిన మనిషి పేరు కింద ఆ జవాబు కనబడటం. రిటైర్డు ఉద్యోగి ఏళ్ల తరబడి సంపాదించిన నమ్మకం, ఆయన చూడని, ఆయనకు తెలియని మాటకు అరువుగా పోతుంది.

ఇదే సమయంలో యంత్రాలు మనుషుల సంభాషణల మీదే ఆధారపడుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో రెడిట్‌లోని చర్చలను వాడుకోవడానికి గూగుల్ ఒప్పందం చేసుకుంది. ఇంగ్లీషులో జనం తెరిచిన చోట మాట్లాడుకున్నది కొండలా పోగుపడి ఉంది కాబట్టి అది సాధ్యమైంది. తెలుగులో రోజువారీ ప్రశ్నలకు మంచి జవాబుల్లో ఎక్కువ భాగం మూసిన వాట్సాప్ గ్రూపుల్లో పుట్టి అక్కడే పూడుకుపోతున్నాయి. మూసి ఉండటం వల్లే జనం అక్కడ ధైర్యంగా జబ్బు గురించీ అప్పు గురించీ అడగగలుగుతున్నారన్నది ఒక పక్క వాదన. సత్తెనపల్లి రైతు పై ముడత గురించి కష్టపడి తెలుసుకున్నది నందిగామ రైతుకు అందాలంటే ఎవరో ఒకరు దాన్ని తెరిచిన చోట, తేదీతో సహా రాసి పెట్టాలన్నది ఇంకో పక్క వాదన. ఇప్పటికి కొన్ని గ్రూపుల అడ్మిన్‌లు తరచూ వచ్చే ప్రశ్నల జవాబులను పైన పిన్ చేసి ఉంచుతున్నారు. ఆ పిన్ చేసినదాన్ని మార్చవలసిన రోజు వచ్చినప్పుడు ఎవరు మారుస్తారన్నది ఆయా గ్రూపులు ఇంకా తేల్చుకోవలసిన సంగతి.